ఇద్దరికీ ఒకే లాయరు చాలంటున్నారు, చాలా?

నెల్లూరు నుంచి ఒక టీచరుగారు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు, ఇల్లు ఏ వీధిలోదో కూడా చెప్పొద్దన్నారు, ఎందుకంటే అమ్మేవాళ్ళూ బ్రోకరూ ఇలాంటివి ఫోన్లో చదివేవాళ్ళేనట. కుదించి చెప్తాను.

ఆవిడకి నలభై ఒకటి. గవర్నమెంటు స్కూల్లో పని. భర్త కృష్ణపట్నం వైపు ఒక కంపెనీలో చేస్తారు. పద్నాలుగేళ్ళుగా అద్దె ఇళ్ళే. ఇప్పుడు వేదాయపాళెం వైపు ఒక ఇల్లు కుదిరింది: 25 అంకణాల, అంటే 200 గజాల స్థలం, కిందా పైనా పోర్షన్లు, 82 లక్షలు. 8 లక్షలు అడ్వాన్సు ఇచ్చి 60 రోజుల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నారు. ఉత్తరం రాసేటప్పటికి అందులో 22 రోజులు అయిపోయాయి. 50 లక్షలు బ్యాంకు లోను, మిగతాది పీఎఫ్, కొంచెం బంగారం. అమ్మే ఆయన తండ్రి ఆ స్థలం 1988లో కొన్నాడు, 2009లో కొడుక్కి వీలునామా రాశాడు, అది రిజిస్టరు కాలేదు, 2011లో ఆయన పోయాడు. అమ్మే ఆయనకి ఇద్దరు తోబుట్టువులు, అక్క చెన్నైలో, చెల్లెలు అమెరికాలో. "వాళ్ళకి పెళ్ళిళ్ళప్పుడే ఇచ్చేశాం, ఏ అభ్యంతరమూ లేదు" అన్నది ఆయన నోటిమాట.

గొడవ ఇంటి గురించి కాదు, లాయరు గురించి. అగ్రిమెంటు రాసిన లాయరుగారు అమ్మేవాళ్ళకి పాత పరిచయం. ఆయన్నే పెట్టుకోమని బ్రోకరు అంటున్నాడు, "ఇద్దరికీ ఒక్కరే మేడం, ఫీజు చెరిసగం, త్వరగా అయిపోద్ది" అని. భర్త చిన్నాన్న, అంటే ఆవిడకి చిన్నమామయ్య, ముప్పై ఏళ్ళుగా దస్తావేజులు రాసే మనిషి. ఆయనేమో "లాయరెందుకమ్మా డబ్బులు దండగ, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) నేను తీశాను, క్లీన్‌గా ఉంది" అంటున్నారు. హైదరాబాదులో పెద్దమ్మ కొడుకు, ఆవిడకి అన్నయ్య, క్రిమినల్ కేసులు చూసే అడ్వకేటు. కాగితాలు ఫోన్లో పంపమ్మా, పైసా వద్దు అన్నాడు. ఈ ముగ్గురికీ తెలియకుండా ఆవిడ ఒక కొలీగు చెప్తే నెల్లూరులోనే ఒక లేడీ లాయరు దగ్గరికి వెళ్ళారు. ఆ లాయరు 15 వేలు ఫీజు, పది రోజులు టైము, ఇంకా తెమ్మని ఒక పేజీ నిండా కాగితాల లిస్టు చేతిలో పెట్టింది. ఇప్పుడు ఇంట్లో ఎవరికి చెప్పినా ఎవరో ఒకరికి కోపం. "చిన్నమామయ్యని కాదంటే మా అత్తగారింట్లో నేను తలెత్తుకోలేను. బ్యాంకు లాయరు ఎలాగూ చూశాడు కదా, ఇంకో లాయరు అవసరమా? అవసరమైతే ఈ నలుగురిలో ఎవరు?" ఇదీ ప్రశ్న.

టీచరుగారూ, ముందే చెప్తున్నాను, నేను లాయర్ని కాదు. ఇళ్ళు కొన్నవాళ్ళ ఉత్తరాలు చాలా చదివాను, నేను కూడా ఒక స్థలం కొని తిన్న దెబ్బ ఒకటుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. మీ ఇంటి టైటిల్, అంటే అమ్మేవాళ్ళ హక్కు, మంచిదో కాదో నేను చెప్పలేను. కానీ మీరు అడిగింది లాయర్ని ఎలా ఎంచుకోవాలని, అది మాట్లాడుకోవచ్చు.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. ఆ లేడీ లాయరు 1988 దస్తావేజు జిరాక్సు చేతిలోకి తీసుకుని, "ముందువైపు చదవనే లేదు, వెనక్కి తిప్పి ట్యూబులైటు కింద పెట్టి చూసింది, ఒరిజినల్ ఎక్కడుందని అడిగింది, నాకు కాస్త అవమానంగా అనిపించింది" అని రాశారు. అవమానం కాదండీ, ఆవిడ పని తెలిసిన మనిషని నాకు అక్కడే అర్థమైంది. పాత స్టాంపు కాగితం వెనకే అసలు కథ ఉంటుంది. స్టాంపు వెండరు వేసిన సీరియల్ నంబరు, అమ్మిన తేదీ, ఎవరి పేరు మీద కొన్నారు, ఆ తర్వాత సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వాళ్ళ ఎండార్స్‌మెంటు, వేలిముద్రలు, డాక్యుమెంటు నంబరు. స్టాంపు కొన్న తేదీ దస్తావేజు రాసిన తేదీ కంటే తర్వాత ఉంటే ఇంకేం చదవక్కర్లేదు. పక్క జిల్లా ఒంగోలులో 2023లో నకిలీ స్టాంపులు, నకిలీ దస్తావేజుల వ్యవహారం బయటపడి సిట్ వేయాల్సొచ్చింది, మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత కూడా మన వైపు జిరాక్సులు చూసి లక్షలు ఇచ్చేవాళ్ళు ఉన్నారంటే ఆశ్చర్యమే.

బ్యాంకు లాయరు సంగతి ముందు తేల్చేద్దాం. "లోను శాంక్షన్ అయిందని మెసేజి వచ్చింది" అని రాశారు. అది ఏ శాంక్షనో ఒకసారి బ్రాంచికి వెళ్ళి అడగండి. చాలాసార్లు మొదట వచ్చేది మీ జీతం చూసి ఇంత ఇవ్వచ్చు అనే మాటే, ఇంటి కాగితాలు అప్పటికి ఇంకా ఎవరూ తెరిచి కూడా ఉండరు. ఒకవేళ బ్యాంకు ప్యానెల్ లాయరు నిజంగానే చూశాడనుకుందాం. ఫీజు మీ అకౌంటులోంచే పోతుంది, కానీ ఆయన ఒపీనియన్ రాసేది బ్యాంకుకి. బ్యాంకు 50 లక్షలకి చూసుకుంటుంది, దానికి ఇల్లూ ఉంది, మీ జీతమూ ఉంది, గ్యారంటీ సంతకమూ ఉంది. రేపు టైటిల్ తేడా వస్తే బ్యాంకు ఈఎంఐ ఆపదు. 32 లక్షలు పోయేది మీవి, ఇల్లు పోయేది మీది. అలాగని ఆ ఒపీనియన్ పనికిరాదని కాదు, కాపీ అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే కనీసం ఏమైనా షరతులు పెట్టారా అని మేనేజరుని అడగండి. వీలునామా గురించి ఆయన ఒక్క ముక్కా రాయకపోతే అదీ ఒక సమాచారమే.

ఇక మీ నలుగురు.

అమ్మేవాళ్ళ లాయరుగారు చెడ్డవారని నేననను, ఆయన ఎవరో కూడా నాకు తెలియదు. కానీ ఆయన ఇప్పటికే ఒక వైపు మనిషి. అడ్వకేట్లకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టిన నియమాల్లో 33వది ఇదే చెప్తుంది, ఒక వ్యవహారంలో ఒకరికి సలహా ఇచ్చిన లాయరు అదే వ్యవహారంలో ఎదుటివాళ్ళకి పని చేయకూడదని. మన ఊళ్ళో "ఇద్దరికీ ఒక్కరే" అన్నది మామూలైపోయింది గానీ, మామూలైనంత మాత్రాన మీకు మంచిదని కాదు. ఆలోచించండి, ఆ వీలునామాలో బలహీనత ఏదన్నా ఉంటే దాన్ని అందరికంటే ముందు తెలుసుకునేది ఆయనే, అది మీకు చెప్తే బేరం చెడేది ఆయన పాత క్లయింటుకి. మనిషిని అలాంటి ఇరకాటంలో పెట్టడం ఎందుకు? ఆయన్నే పెట్టుకుంటే లాభం లేదా అంటే ఉంది, పని త్వరగా అవుతుంది, ఫీజులో సగం మిగులుతుంది, అమ్మేవాళ్ళతో మొహమాటం ఉండదు. నష్టం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. ఒక పని చేయండి, ఆయన రాసిన అగ్రిమెంటే ఇప్పుడు తీసి చదవండి. "కొనుగోలుదారు సదరు ఆస్తి తాలూకు హక్కు పత్రములన్నీ పరిశీలించి సంతృప్తి చెంది" అన్న వాక్యం ఎక్కడన్నా ఉందేమో చూడండి. ఉంటే అది ఎవరి కోసం రాసిందో మీకే తెలుస్తుంది.

చిన్నమామయ్యగారు. ఈయన దగ్గరే మీకు మనసు పీకుతోంది, ఉత్తరంలో రెండు పేజీలు ఆయన గురించే. ముప్పై ఏళ్ళు రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగిన మనిషికి తెలిసినవి చాలామంది లాయర్లకి తెలియవు, ఇది నిజం. ఏ వాల్యూం ఎవరిని అడిగితే బయటికొస్తుందో, ఏ సర్వే నంబరులో గొడవలున్నాయో ఆయన నాలుక మీద ఉంటుంది. కానీ దస్తావేజు రాయడం వేరు, హక్కు చూడడం వేరు. దస్తావేజు రాసే ఆయన మీరు చెప్పింది పక్కాగా కాగితం మీద పెడతారు. అమ్మేవాడికి అమ్మే హక్కు ఉందా లేదా అన్నది ఆయన పని కాదు, తప్పు వస్తే ఆయన్ని అడగడానికి బార్ కౌన్సిల్ లాంటిది కూడా ఏదీ లేదు. పైగా చిన్నమామయ్య, అడుగుతారా మీరు?

ఆయన తీసిన ఈసీ విషయం కూడా. ఆన్‌లైన్‌లో తీశారా, ఆఫీసులో పెట్టి తీశారా? మన రాష్ట్రంలో ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది. ఈ ఇంటికి పెద్దాయన 1988లో కొన్నది సరే, ఆయనకి అమ్మినవాళ్ళకి ఎలా వచ్చింది? ఆ లింకు డాక్యుమెంటు 1974దని మీరే రాశారు. ఆన్‌లైన్ కాగితంలో అది కనపడదు, ఆఫీసులో అర్జీ పెట్టి పాత వాల్యూములు తిప్పించాలి. ఇంకొకటి, ఈసీలో కనపడేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు కాని వీలునామా కనపడదు. కోర్టులో నడిచే పార్టిషన్ (పంపకాల) దావా కనపడకపోవచ్చు. ఎవరి దగ్గరో అప్పుకి కుదువ పెట్టిన నోటి ఒప్పందం కనపడదు. ఈసీ క్లీన్‌గా ఉందంటే రిజిస్టర్లో గొడవ లేదని, అంతే. ఇంటి నిండా గొడవ ఉన్నా ఈసీ తెల్లగానే ఉంటుంది.

అన్నయ్య. పాపం మంచి మనసుతో అన్నాడు, కానీ నాకు ఆ అంకణాల సంగతి చదివి నవ్వాగలేదు. "25 అంకణాలంటే తొమ్మిది వందల అడుగులేగా, దానికి 82 లక్షలా, మోసం చేస్తున్నారమ్మా" అని అర్ధరాత్రి ఫోన్ చేశాడని రాశారు. ఆయన ఎక్కడో తిరుపతి లెక్క చూసి ఉంటాడు, అక్కడ అంకణం 36 చదరపు అడుగులు. మన నెల్లూరు అంకణం 72 అడుగులు, అంటే ఎనిమిది గజాలు. మీది 1800 అడుగులు, 200 గజాలు. లోకల్ లాయరు కావాలని ఎందుకంటారో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి. ఊరికే అంకణాలే కాదు. ఈ భూమి పాత రికార్డులో ఏమని ఉంది, భూముల పాత సర్కారు రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు ఉన్నాయా, చెరువు పోరంబోకా, దేవుడి మాన్యమా, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్‌మెంటు పట్టానా, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందా అన్నవి ఫోన్లో పంపిన పీడీఎఫ్‌లో తేలవు. చుక్కల భూముల గోల మన జిల్లాలో ఎంతమందిని ఏళ్ళ తరబడి తిప్పిందో మీకు చెప్పక్కర్లేదు, దానికోసం 2017లో ఒక చట్టమే తేవాల్సొచ్చింది. ఒకప్పుడు పొలంగా ఉండి ఇప్పుడు ఊళ్ళో కలిసిపోయిన చోట కొంటున్నారు కాబట్టి ఇది తప్పకుండా చూడాలి. చూడాలంటే ఎవరో ఒకరు తహసీల్దారు ఆఫీసు మెట్లు ఎక్కాలి. అన్నయ్య హైదరాబాదు నుంచి ఎక్కలేడు.

ఇక ఆ లేడీ లాయరు. మీరు మొదటిసారి వెళ్ళినప్పుడే ఆ ఇంటి ఆడపడుచుల, అంటే అమ్మే ఆయన అక్కచెల్లెళ్ళ, అడ్రసులు అడిగిందని రాశారు. మంచి గుర్తు. ఎందుకంటే నాకు ఉత్తరం చదివినప్పుడు ఇంటికంటే, లాయరు కంటే ముందు కనపడింది ఆ వీలునామానే.

కాస్త నిదానంగా చెప్తాను. పెద్దాయన 1988లో సొంత డబ్బుతో కొనుక్కుని ఉంటే అది ఆయన స్వార్జితం, ఎవరికైనా రాసుకోవచ్చు, కొడుకొక్కడికే రాసినా తప్పు లేదు. వీలునామా రిజిస్టరు కావాలని రూలు కూడా లేదు. కానీ ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, రేపు ఎవరైనా కాదంటే ఆ సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి కోర్టులో చెప్పగలగాలి. ఆ సాక్షులెవరు, బతికున్నారా? మీ ఉత్తరంలో లేదు. ఆ వీలునామా నిలబడకపోతే పెద్దాయన ఏమీ రాయకుండా పోయినట్టే, అప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకుతో పాటు కూతుళ్ళిద్దరికీ సమాన వాటా. చాలామంది దీన్ని 2005 సవరణతో కలిపి మాట్లాడతారు, అది ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. ఇక్కడ దాని అవసరమే లేదు, పాత చట్టమే చాలు. ఇంకా పెళ్ళిళ్ళప్పుడు బంగారం పెట్టాం, కట్నం ఇచ్చాం అన్నది వాటా ఇచ్చినట్టు కాదు. అది ఇంట్లో న్యాయం, కోర్టులో కాదు.

బ్రోకరు "పెద్దాయన పోయి పన్నెండేళ్ళు దాటింది మేడం, ఇక ఎవరూ కేసు వేయలేరు" అన్నాడని రాశారు. ఈ పన్నెండేళ్ళ మాట మన టీకొట్ల దగ్గర చలామణీలో ఉన్నంతగా కోర్టులో లేదు. ఉమ్మడి వారసుల్లో ఒకరు ఇంట్లో ఉన్నంత మాత్రాన మిగతావాళ్ళ హక్కు దానంతట అది పోదు, నీకు వాటా లేదని బహిరంగంగా తేల్చి చెప్పి బయట పెట్టినప్పటి సంగతి వేరు. ఇంటి పన్ను ఆయన పేరు మీద ఉంది అన్నదీ అంతే, పన్ను రసీదు పన్ను కట్టినట్టు చెప్తుంది, హక్కు వచ్చినట్టు కాదు.

మరి ఇప్పుడేం చేయాలంటే, మీ ముందు దారులున్నాయి. ఆడపడుచులిద్దరూ మీ సేల్ డీడ్‌లో సంతకాలు పెట్టడం, లేదంటే ముందుగానే తమ్ముడి పేరున, అన్న పేరున తమ వాటా వదులుకుంటున్నట్టు రిలీజ్ డీడ్ రిజిస్టరు చేసి ఇవ్వడం. ఇది మీకు అన్నిటికంటే నిశ్చింత, కానీ టైము పడుతుంది. అమెరికాలో ఉన్నామె రాలేకపోతే అక్కడి కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాలి, అది ఇక్కడికొచ్చాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. మీకు మిగిలిన 38 రోజుల్లో కుదరడం కష్టం. రెండోది, వాళ్ళు సంతకాలు పెట్టరు గానీ లాయరు వీలునామా చూసి, సాక్షిని కలిసి మాట్లాడి, బలంగానే ఉందని రాతపూర్వకంగా చెప్తే, పేపర్లో ప్రకటన వేసి, ఎవరూ ముందుకు రాకపోతే కొనడం. ఇందులో కొంత రిస్కు మిగిలే ఉంటుంది. పేపరు ప్రకటన వేస్తే అమ్మే ఆయన "నా పరువు తీశారు" అంటాడు, అనుకోనివ్వండి. మూడోది, ఆ ఆడపడుచులకి నిజంగానే అభ్యంతరం ఉందని తేలితే పక్కకి తప్పుకోవడం. అప్పుడు అడ్వాన్సు వెనక్కి రావాలి. అమ్మేవాడు తన హక్కు కాగితాలు చూపించాలి, తనకు తెలిసిన లోపాలు చెప్పాలి అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షనే చెప్తుంది, ఆ బలం మీకుంది. కానీ చెప్పినంత తేలిగ్గా డబ్బు రాదు, నోటీసు ఇవ్వాల్సి రావచ్చు. అవన్నీ ఎందుకులే అని కళ్ళు మూసుకుని కొంటే? ఏమీ కాకపోవచ్చు. లేదా మీరు గృహప్రవేశం చేసిన మూడో ఏడు చెన్నై అక్క వేసిన దావాలో సమన్లు రావచ్చు. ఇరవై ఏళ్ళ ఈఎంఐతో పాటు లాయరు ఫీజు కూడా నెలనెలా కట్టాలి, అప్పుడు మాత్రం ఈ 15 వేలు చాలా చిన్నదిగా కనపడుతుంది.

అన్నట్టు 15 వేలంటే ఇంట్లో ఎక్కువంటారు కదా. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, 82 లక్షలకి 6 లక్షల 15 వేలు ప్రభుత్వానికి కడతారు, దానికెవరూ కిక్కురుమనరు. 50 లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీడీఎస్ మీరే పట్టుకుని కట్టాలి, అది 82 వేలు, అమ్మే ఆయన సొమ్ములోంచే అనుకోండి, మర్చిపోతే నోటీసు మాత్రం మీకొస్తుంది. ఇన్నిటి మధ్య లాయరు ఫీజు ఒక్కటే మన కళ్ళకి దండగలా కనపడుతుంది.

అయినా ఫీజు ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ఇది నా అనుభవం. పదకొండేళ్ళ కింద కావలిలో స్థలం కొన్నప్పుడు నేనూ లాయర్ని పెట్టుకున్నాను, మంచి పేరున్నాయనే. ఒకటిన్నర పేజీ ఒపీనియన్ ఇచ్చాడు, చివర "క్లియర్ అండ్ మార్కెటబుల్ టైటిల్" అని బోల్డులో. నేను ఆ చివరి లైను చదువుకుని సంబరపడ్డాను. ఆరు నెలల తర్వాత ఎవరో అడిగితే తీసి మొదటి నుంచి చదివాను కదా, మూడో పేరాలో నా స్థలం కొడవలూరు మండలంలో ఉందని ఉంది. వేరే ఎవరిదో ఒపీనియన్ కంప్యూటర్లో తెరిచి పేర్లు మార్చి ప్రింటు తీశారు, ఆ ఒక్క చోట మార్చడం మర్చిపోయారు. అప్పుడు గుండెల్లో రాయి పడి ఇంకొకరి దగ్గరికి వెళితే, నా దస్తావేజులో తూర్పు హద్దు రోడ్డని ఉంది, లేఅవుట్ కాపీలో అక్కడ ఇంకొకరి ప్లాటు ఉంది. అమ్మినాయన మంచివాడు కాబట్టి వచ్చి సవరణ దస్తావేజు రాసిచ్చాడు. రాకపోయి ఉంటే ఈపాటికి కోర్టు వరండాలో ఉండేవాణ్ణి.

అందుకే ఆ లేడీ లాయరు అయినా, ఇంకెవరైనా, ఖాయం చేసుకునే ముందు ఎదురుగా కూర్చుని అడగండి. ఈ అమ్మేవాళ్ళకి గానీ ఈ బ్రోకరుకి గానీ మీరు ఇంతకు ముందు పని చేశారా? కాగితాలు మీరే చదువుతారా, జూనియర్ చదువుతారా? రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీలు మీరు తెప్పిస్తారా, అమ్మేవాళ్ళిచ్చిన జిరాక్సులే చూస్తారా? కోర్టుల్లో వీళ్ళ పేర్ల మీద, ఆడపడుచుల పేర్ల మీద కేసులున్నాయేమో వెతుకుతారా? ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో పేరు కొట్టి మీరూ వెతకొచ్చు, కానీ పేరు స్పెల్లింగు నాలుగు రకాలుగా కొట్టి చూడాలి, అందుకు ఓపిక కావాలి. ఒపీనియన్‌లో ఏయే కాగితాలు చూశారు, అందులో ఒరిజినల్స్ ఏవి, జిరాక్సులేవి అని విడిగా రాస్తారా? సేల్ డీడ్ డ్రాఫ్టు చూడడం, రిజిస్ట్రేషన్ రోజు రావడం ఈ ఫీజులోనే ఉందా? రసీదు ఇస్తారా? వీటికి విసుక్కునే లాయరైతే ఎంత పేరున్నా నేను పక్కన పెడతాను. మరీ అన్నిటికీ "చూద్దాం, ఏం పర్లేదు" అనే లాయరైతే ఇంకా ముందు పక్కన పెడతాను.

ఇంకో రకం కూడా ఉంటారు. ఏమైనా తేడా వస్తే తన మీదికి రాకూడదని ప్రతి వాక్యానికీ ఒక షరతు తగిలించి, చివరికి కొనొచ్చో వద్దో అర్థం కాకుండా రాస్తారు. ఆ లేడీ లాయరు లిస్టు ఫోటో పంపారు కదా, అందులో ఒకటి రెండు అంత అవసరమా అనిపించాయి నాకు. అలాంటప్పుడు భయపడకుండా "ఇది లేకపోతే నాకొచ్చే నష్టం ఏంటి మేడం" అని అడగండి, సమాధానం ఉంటే చెప్తారు. పై అంతస్తుకి ప్లాన్ ఉందా లేదా, కొలతలు సరిపోయాయా అన్నది మాత్రం లాయరు పని కాదు, దానికి ఒక సర్వేయర్ని, ఇంజినీర్ని తీసుకెళ్ళి టేపు పెట్టించండి.

చిన్నమామయ్య సంగతికి మళ్ళీ వస్తున్నాను, మీకు నిద్ర పట్టనిది అదే కాబట్టి. ఆయన్ని కాదనకండి. సేల్ డీడ్ ఆయన చేతే రాయించండి, అది ఆయన గౌరవం. లాయరు విషయం ఆయనకి తెలియకుండా దాచకుండా, ఆయన్నే వెంటబెట్టుకుని ఆ లాయరు దగ్గరికి వెళ్ళండి. "చిన్నమామయ్యా, 1983 కంటే ముందుది ఈసీ కావాలంటున్నారు, ఆఫీసులో మీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు, మీరే తీసిపెట్టాలి" అనండి. ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి ఆ పని రెండు రోజుల్లో చేసిపెడతారు, లాయరుకి పది రోజుల్లో సగం మిగులుతాయి. అత్తగారికి ఏం చెప్పాలంటే, ఇల్లు నా పేరు మీద కూడా ఉంటుంది, లోను నా జీతం మీద, అందుకని నా తరఫున ఒకరిని పెట్టుకున్నాను అని చెప్పండి. అబద్ధం కాదు కదా. ఆవిడకి కోపం వస్తే ఒక పూట ఉంటుంది, రెండు పూటలు ఉంటుంది. అన్నయ్యకి చివర్లో ఒపీనియన్ పంపించండి, రెండో కంటితో చదవడానికి. అంకణాల లెక్క మాత్రం ముందే చెప్పి పంపండి.

మీకు ఇవేవీ కుదరక అమ్మేవాళ్ళ లాయర్నే ఒప్పుకోవాల్సి వస్తే, కనీసం ఒక పని చేయండి. వీలునామా, 1974 లింకు డాక్యుమెంటు, ఈ రెండిటి మీదే విడిగా వేరే లాయరు చేత ఒపీనియన్ రాయించుకోండి. పూర్తి ఫీజు కంటే తక్కువే అడుగుతారు. మొత్తం చూపించినంత మంచిది కాదు గానీ, అసలేమీ చూపించకపోవడం కంటే చాలా నయం.

ఈ వారంలోనే చేయాల్సింది ఒకటుంది. గడువు పొడిగింపు. బ్రోకరు "ఏం పర్లేదు మేడం, ఆయన మనవాడే, పదిహేను రోజులు అటూ ఇటూ అయినా ఏమనడు" అన్నాడట. మనవాడే అయితే రాసివ్వడానికి ఇబ్బంది ఏంటి? అదే అగ్రిమెంటు వెనక వైపు, ఫలానా తేదీ దాకా గడువు పొడిగించామని రాసి, ఇద్దరూ తేదీ వేసి సంతకాలు పెట్టి, సాక్షుల చేత పెట్టించండి. రాసేటప్పుడు "హక్కు విషయంలో లోపం తేలితే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇవ్వాలి" అన్న ముక్క కూడా చేర్చమని అడగండి. ఒప్పుకుంటే సరే, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో లాయరుకి చెప్పండి, ఆవిడకి అది పనికొస్తుంది.

చివరగా, మీ ఆరు పేజీల ఉత్తరంలో పెద్దాయన ఉన్నారు, కొడుకున్నాడు, ఇద్దరు కూతుళ్ళున్నారు, ఆఖరికి పై పోర్షన్లో అద్దెకున్న బ్యాంకు ఉద్యోగి కూడా ఉన్నాడు. పెద్దాయన భార్య ఎక్కడా లేదు. ఆవిడ బతికి ఉంటే, వీలునామా నిలబడని పక్షంలో ఆవిడకీ పిల్లలతో సమానంగా ఒక వాటా ఉంటుంది, ఆవిడ సంతకమూ కావాలి. పోయి ఉంటే ఎప్పుడు పోయిందో తెలిపే డెత్ సర్టిఫికెట్ కావాలి. లాయరు దగ్గరికి వెళ్ళే ముందు అది కనుక్కుని వెళ్ళండి.